విడాకుల వేళ ఇంటికి ధర కట్టేదెవరు?

2025లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన రెండు విడాకుల కేసుల్లో ఇల్లు చివరికి భార్యకే దక్కింది. మే నెలలో తీర్పు వచ్చిన బెంగాల్ కేసులో, భార్య, కొడుకు ఉంటున్న ఇంటి మీద రుణాన్ని భర్తే తీర్చి, దస్తావేజును ఆమె పేరిట మార్చాలని కలకత్తా హైకోర్టు అంతకుముందే ఆదేశించింది. సుప్రీంకోర్టు దానికి తోడు నెలవారీ భరణాన్ని 50,000 రూపాయలకు పెంచి, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు ఉండాలంది. ఆగస్టులో తేలిన ముంబై కేసులో భర్త ఇస్తానన్న ఫ్లాట్ భార్యకు వెళ్లింది. అంతకు మించి శాశ్వత భరణం అక్కర్లేదని కోర్టు భావించింది. టీవీ చర్చలు మాత్రం ఆమె అడిగిన 12 కోట్ల చుట్టూ, ఖరీదైన కారు చుట్టూ తిరిగాయి.

గమనించాల్సింది వేరే ఉంది. ఈ రెండు కేసుల్లోనూ ఇల్లు భార్యకు వాటాగా రాలేదు, భరణంలో భాగంగా వచ్చింది. భారతదేశంలో విడాకుల సమయంలో ఇంటి విలువ లెక్కగట్టడం ఇంత గందరగోళంగా ఉండటానికి మూలం ఈ తేడాలోనే ఉంది. వాటా పంచాలంటే కచ్చితమైన ధర కావాలి. ఫలానా తేదీ నాటికి ఫలానా విలువ, అందులోంచి అప్పు తీసేస్తే ఇంత, అందులో సగం ఇంత అని లెక్క తేలాలి. భరణం నిర్ణయించడానికి ఆ కచ్చితత్వం అక్కర్లేదు. భర్త ‘స్థాయి’ ఏమిటో స్థూలంగా తెలిస్తే చాలు. మన చట్టం రెండో దారినే ఎంచుకుంది. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి కూడబెట్టిన ఆస్తి ఇద్దరిదీ అనే సూత్రం అందులో లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 27వ సెక్షన్ పెళ్లి సమయంలో లేదా ఆ దరిదాపుల్లో ఇద్దరికీ ఉమ్మడిగా ఇచ్చిన కానుకల గురించి మాట్లాడుతుంది. పెళ్లయిన పదేళ్లకు కొన్న ఫ్లాట్ గురించి అందులో ఏమీ లేదు. 25వ సెక్షన్ శాశ్వత భరణానికి సంబంధించింది. ఇద్దరి ఆదాయం, ఆస్తి, ప్రవర్తన చూసి కోర్టు ఒక మొత్తం నిర్ణయిస్తుంది. అవసరమైతే ఆ మొత్తానికి భర్త స్థిరాస్తి మీద హామీ పెడుతుంది. మిగతా అంతా దస్తావేజు మీద ఎవరి పేరుందన్న దాన్ని బట్టే నడుస్తుంది.

దేశమంతటా ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. గోవాలో 1867 నాటి పోర్చుగీసు పౌరస్మృతి వారసత్వంగా దంపతుల ఉమ్మడి ఆస్తి పద్ధతి ఇప్పటికీ అమల్లో ఉంది. అక్కడ ముందే వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప సగం భార్యది. పొరుగున నేపాల్ 2017 పౌరస్మృతి ప్రకారం, భర్త కారణంగా విడాకులు వచ్చే సందర్భంలో భార్య కోరితే ముందు ఆస్తి పంచి, తర్వాతే విడాకులు ఇవ్వాలి. మన పార్లమెంటు కూడా ఒకసారి ఇటువైపు అడుగేసింది. భర్త స్థిరాస్తిలోంచి భార్యకు పరిహారం ఇప్పించే వీలున్న వివాహ చట్టాల సవరణ బిల్లును 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది. 15వ లోక్‌సభ రద్దుతో అది కాలగర్భంలో కలిసింది. పెళ్లి తర్వాత సంపాదించిన ఆస్తిని ఒకే యూనిట్‌గా చూడాలని లా కమిషన్ 2018 ఆగస్టులో కుటుంబ చట్టాల సంస్కరణపై విడుదల చేసిన పత్రంలో సూచించింది. అదీ కదల్లేదు. కూతురికి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇవ్వడంలో ఎన్టీఆర్ హయాంలోని ఆంధ్రప్రదేశ్ దేశానికి దాదాపు 20 ఏళ్లు ముందుంది. ఆ కూతురే మరో ఇంట కోడలిగా ఇరవై ఏళ్లు గడిపితే, ఆ కాపురంలో సంపాదించిన ఇంట్లో ఆమెకు ఏ శాతమూ రాసిపెట్టి లేదు.

‘మార్కెట్ విలువ’ అంటే ఏ విలువ?

చట్టం వాటా అడగకపోయినా ఇంటి ధర ప్రస్తావన రాక తప్పదు. 2020 నవంబర్‌లో రజనీష్–నేహ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు వివరిస్తూ అఫిడవిట్ వేయాలి. స్థిరాస్తులకు విలువ కూడా రాయాలి. ఆ విలువ రాసేది ఎవరు? ఆస్తి ఉన్నవాళ్లే. తన ఇల్లు ఎంత తక్కువ ధర పలికితే తాను కట్టాల్సిన భరణం అంత తగ్గుతుందని తెలిసిన మనిషే దాని ధర రాస్తాడు.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి మరో చిక్కు తోడవుతుంది. సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసు భాషలో ‘మార్కెట్ విలువ’ అంటే ప్రభుత్వం స్టాంప్ డ్యూటీ వసూలు కోసం నిర్ణయించిన విలువ. బయట కొనుగోళ్లు జరిగే ధరను జనం ‘బహిరంగ మార్కెట్ ధర’ అంటారు. రెండూ ఒకటి కావు. చాలాచోట్ల ఒకదానికొకటి దగ్గరగా కూడా ఉండవు. అఫిడవిట్‌లో ‘మార్కెట్ విలువ’ అన్న గడిలో సబ్‌ రిజిస్ట్రార్ ధ్రువపత్రంలోని అంకె వేస్తే అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. ప్రభుత్వ విలువలు ఏటా మారవు కూడా. తెలంగాణలో 2021 జులైలో, 2022 ఫిబ్రవరిలో సవరించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరిలో సవరించారు. రెండు సవరణల మధ్య బయట ధర ఎంత పెరిగినా కాగితం మీది అంకె కదలదు.

దీని వెనక అందరికీ తెలిసినా ఎవరూ కోర్టులో చెప్పలేని సంగతి ఒకటుంది. అసలు కొన్న ధరలో కొంతే దస్తావేజులో రాసి, మిగతాది నగదుగా ఇచ్చిన కొనుగోళ్లు మన దగ్గర కోకొల్లలు. ఆ నగదు భార్య నగలు అమ్మగా వచ్చిందో, మామగారు సర్దిందో అయినా, దాన్ని నిరూపించబోతే నల్లధనం వ్యవహారంలో భాగస్వామినని ఒప్పుకున్నట్టవుతుంది. కాపురం బాగున్నప్పుడు ఇద్దరూ కలిసి మిగుల్చుకున్న స్టాంప్ డ్యూటీకి, విడిపోయేటప్పుడు దస్తావేజులో పేరు లేని మనిషి మూల్యం చెల్లిస్తుంది.

ఇక మూడో ధర బ్యాంకుది. గృహరుణం ఇచ్చేటప్పుడు, పాత ఇంటి మీద అదనపు అప్పు తీసుకునేటప్పుడు బ్యాంకు తన ప్యానెల్‌లోని వాల్యుయర్‌ను పంపి రిపోర్టు తెప్పించుకుంటుంది. అప్పు ఎక్కువ రావాలంటే విలువ ఎక్కువుండాలి కాబట్టి, అప్పుడు యజమాని తన ఇంటి గొప్పలన్నీ చెప్పుకుంటాడు. అదే మనిషి రెండేళ్ల తర్వాత ఫ్యామిలీ కోర్టులో సగం ధర చూపితే, ఆ పాత రిపోర్టును కోర్టు ద్వారా తెప్పించడం అవతలి పక్షానికి దొరికే మంచి ఆయుధం. వ్యాపార రుణాల కోసం, పిల్లల విదేశీ చదువు రుణం కోసం, వీసాకు ఆస్తి బలం చూపడం కోసం తీసుకున్న సర్టిఫికెట్లు కూడా ఇలాగే పనికొస్తాయి. అయితే అవి ఉన్నాయని ముందు తెలియాలి. ఇంటి ఆర్థిక వ్యవహారాలకు దూరంగా ఉంచిన భార్యకు ఏ బ్యాంకులో ఏ ఫైలు ఉందో తెలియదు.

నేల ఒకరిది, కట్టడం మరొకరిది

వాల్యుయర్ పని చూడటానికి సులువు. అపార్ట్‌మెంట్ అయితే అదే సముదాయంలోనో పక్కనో ఇటీవల జరిగిన అమ్మకాలు చూసి చదరపు అడుగు ధర కడతాడు. సొంత ఇల్లయితే స్థలానికి గజాల లెక్కన ఒక ధర వేసి, కట్టడానికి వేరే ధర వేస్తాడు. కట్టడం వయసును బట్టి తరుగు తీసేస్తాడు. అనుమతి లేని అంతస్తు, పెంట్‌హౌస్, దారి వివాదం, లింకు డాక్యుమెంట్లలో లోపం ఉంటే మరికొంత తగ్గిస్తాడు.

ఈ పద్ధతిలో తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా తగిలే ముడి ఒకటుంది. కోస్తా జిల్లాల్లో, తెలంగాణలో పెళ్లికూతురికి పసుపు కుంకుమ కింద స్థలం రాసివ్వడం పాత ఆనవాయితీ. ఆ స్థలంలో భర్త జీతంతో, అప్పుతో ఇల్లు లేస్తుంది. కొన్నిచోట్ల వ్యవహారం తిరగబడి ఉంటుంది. అత్తగారింటి స్థలంలో భార్య నగలు, ఆమె పీఎఫ్ డబ్బు పెట్టి పై అంతస్తు వేస్తారు. ఇరవై ఏళ్ల తర్వాత వాల్యుయర్ వచ్చి చూస్తే నేల ధర పది రెట్లయి ఉంటుంది. కట్టడం ధర ఏటేటా తరిగి ఉంటుంది. అంటే స్థలం తెచ్చినవారి విలువ పెరిగింది, కట్టడానికి డబ్బు పెట్టినవారి విలువ కరిగింది. పెట్టుబడి పెట్టిన రోజున రెండు మొత్తాలూ సమానమే అయి ఉండొచ్చు. ఇది న్యాయమా అన్నది వాల్యుయర్ తేల్చే ప్రశ్న కాదు. కానీ రిపోర్టులో నేలకూ కట్టడానికీ విడివిడిగా అంకెలు లేకపోతే జడ్జికి ఆ ప్రశ్న అసలు కనిపించదు. ‘మొత్తం ఇంటి విలువ ఇంత’ అనే ఒక్క అంకెతో ముగిసే రిపోర్టులు ఇలాంటి కేసుల్లో ఎందుకూ కొరగావు.

తేదీ కూడా ఇంతే ముఖ్యం. విడిపోయిన రోజా, కేసు వేసిన రోజా, తీర్పు రోజా? అమెరికాలోని కాలిఫోర్నియా చట్టం విచారణ తేదీకి వీలైనంత దగ్గరి విలువను తీసుకోవాలని రాసిపెట్టింది. మన దగ్గర అలాంటి నియమమే లేదు. కేసులు ఏళ్ల తరబడి సాగే చోట ఇది చిన్న విషయం కాదు. అమరావతి ప్రాంతంలో ప్లాటున్న జంటను ఊహించుకుంటే సరిపోతుంది. రాజధాని ప్రకటనతో ధర ఎగిసింది, 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట రాగానే పడిపోయింది, 2024 జూన్ తర్వాత మళ్లీ లేచింది. కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటినప్పుడు చుట్టుపక్కల ఫ్లాట్ల యజమానులందరూ ఒక్క రాత్రిలో తమ ధర మార్చి చెప్పడం మొదలుపెట్టారు. ధర పెరుగుతుంటే ఆస్తి ఉన్నవారు పాత తేదీని పట్టుకుంటారు, పడిపోతుంటే కొత్త తేదీని కోరతారు. వాయిదాలు ఎవరికి లాభమో దీన్ని బట్టే తెలుస్తుంది.

ఉమ్మడి పేర్లుంటే 1893కు వెళ్లాలి

దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉంటే పరిస్థితి కొంత మెరుగు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం, కొన్నప్పుడు ఎవరెంత డబ్బు పెట్టారో ఆ నిష్పత్తిలో వాటా ఉంటుంది. ఆధారాలు లేకపోతే సమానమని భావిస్తారు. ఈఎంఐ ఎవరి ఖాతాలోంచి పోయిందన్నది అందుకే పెద్ద వాదన అవుతుంది. చాలా ఇళ్లలో భర్త జీతం ఈఎంఐకి పోతే, భార్య జీతం స్కూలు ఫీజులకు, కిరాణాకు, అత్తమామల మందులకు పోతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే ఇల్లంతా ఒక్కరి సంపాదనలాగే కనిపిస్తుంది. ఉద్యోగం లేని భార్య సంగతి చెప్పనక్కర్లేదు. అయినా 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు, గృహిణి ఇంటి చాకిరీ వల్లే భర్త సంపాదించి ఆస్తి కొనగలిగాడని, అందులో ఆమెకు సమాన వాటా ఉందని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన చూపు గొప్పదే. కానీ చట్టం కాని చూపు ప్రతి కోర్టులోనూ కొత్తగా వాదించి గెలవాల్సిందే.

ఉమ్మడి ఇంటిని కోయలేం కదా. అప్పుడు వర్తించేది 1893 నాటి విభజన చట్టం. భాగించడం వీలుకాని ఆస్తిని అమ్మమని ఒక వాటాదారు అడిగితే, మరొకరు ఆ వాటాను తాను కొనుక్కుంటానని ముందుకు రావొచ్చు. అప్పుడు కోర్టు విలువ కట్టించాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 26వ ఆర్డర్ కింద మార్కెట్ విలువ తేల్చడానికే కమిషనర్‌ను నియమించవచ్చు. విడాకుల కేసులో నిష్పాక్షికంగా ధర కట్టించే చట్టబద్ధ దారి ఏదైనా ఉందంటే ఇదే. 130 ఏళ్ల నాటి ఈ చట్టం తయారైంది అన్నదమ్ముల లాంటి ఉమ్మడి వాటాదారుల కోసం, విడిపోతున్న భార్యాభర్తలను తలచుకుని కాదు.

కోర్టు ఫీజు దగ్గర మరో వింత ఉంది. తెలుగు రాష్ట్రాల్లో అమల్లో ఉన్న 1956 నాటి కోర్టు ఫీజుల చట్టం ప్రకారం, ఉమ్మడి స్వాధీనంలో ఉన్న వాటాదారు విభజన దావా వేస్తే నిర్ణీత ఫీజు సరిపోతుంది. స్వాధీనంలోంచి బయటికి నెట్టేసిన వాటాదారు మాత్రం తన వాటా మార్కెట్ విలువ మీద ఫీజు కట్టాలి. ఇంట్లోంచి గెంటేసిన మహిళకే ఖర్చెక్కువ. ఫీజు తగ్గించుకోవడానికి ఆమె దావాలో తక్కువ విలువ చూపితే, తర్వాత భరణం కేసులో ఎక్కువ విలువ చెప్పినప్పుడు అవతలి లాయరు ఆ పాత కాగితాన్నే చేతిలో పట్టుకుని లేస్తాడు.

నష్టం ఒకవైపే ఉంటుందనుకోనక్కర్లేదు. ఢిల్లీ వంటి చోట్ల మహిళలకు స్టాంప్ డ్యూటీ తక్కువ కావడంతో, ఇతర చోట్ల అప్పులవాళ్ల భయంతో, భర్త డబ్బుతో కొన్న ఇల్లు భార్య పేరిట ఉండటం మామూలే. ఆదాయ మార్గం చూపగలిగితే దీన్ని బినామీ అనరని 2016 సవరణ చెబుతోంది. అయినా విడిపోయేటప్పుడు ఆ ఇల్లు తనదని నిరూపించే బరువు అతని మీదే పడుతుంది.

అప్పు, పన్ను పోగా మిగిలేది

ధర మీద పోట్లాటలో అందరూ మరిచేది ఇంటి మీద ఉన్న భారాల్ని. ఒక ఫ్లాట్ భర్త ఒక్కడి పేరిట ఉందనుకుందాం. 40 లక్షలకు కొన్నది ఇప్పుడు 1.20 కోట్లు పలుకుతోంది. 25 లక్షల రుణం మిగిలి ఉంది. రుణం పోగా 95 లక్షలు. అందులో సగం, అంటే 47.5 లక్షలు భార్యకు నగదుగా ఇచ్చి ఇల్లు తానుంచుకునేలా ఒప్పందం కుదిరింది. చూడటానికి సమానమే. ఆ తర్వాత అతను ఇల్లు అమ్మితే 80 లక్షల లాభం మీద 2024 జులై తర్వాతి 12.5 శాతం రేటున సెస్సు కాక 10 లక్షల మూలధన లాభాల పన్ను పడుతుంది. మరో ఇల్లు కొని మినహాయింపు పొందితే తప్ప అతని చేతిలో మిగిలేది 37.5 లక్షలే. ఇల్లు భార్యకు ఉచితంగా రాసిచ్చినా పాత కొనుగోలు ధరే ఆమెకూ వర్తిస్తుంది కాబట్టి, రేపు అమ్మితే ఆ పన్ను ఆమె నెత్తిన పడుతుంది. 1.20 కోట్ల ఇల్లూ 1.20 కోట్ల ఫిక్స్‌డ్ డిపాజిట్టూ ఒకటి కావు. వాల్యుయర్ రిపోర్టు ఈ మాట చెప్పదు, అది అతని పని కాదు.

ఉంటున్న మనిషి కూడా ధరను మారుస్తుంది. గృహహింస నిరోధక చట్టం కింద భార్యకు ఉమ్మడి గృహంలో నివసించే హక్కుంది. ఆ ఇల్లు అత్తమామల పేరిట ఉన్నా ఈ హక్కు వర్తించవచ్చని 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ హక్కు తలదాచుకోవడానికే, అమ్ముకోవడానికి పనికిరాదు. కొనేవాళ్లు మాత్రం కేసు నడుస్తూ, లోపల మనిషి ఉన్న ఇంటికి పూర్తి ధర పెట్టరు. ఆమెకు రక్షణ ఇచ్చే హక్కే రిపోర్టులో ధర తగ్గించే అంశంగా మారుతుంది.

విదేశాల్లోని తెలుగువారి కేసుల్లో ఇదంతా రెండు దేశాల మధ్య నడుస్తుంది. కాలిఫోర్నియా, టెక్సస్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో కాపురంలో సంపాదించింది ఇద్దరిదీ. అక్కడి జీతంతో హైదరాబాద్‌లో కొన్న విల్లా కూడా లెక్కలోకి వస్తుంది. అక్కడి కోర్టు ఇక్కడి దస్తావేజును మార్చలేదు. దాని విలువ తెలుసుకుని, అక్కడి ఇల్లు, పొదుపు ఖాతాల్లో సర్దుబాటు చేస్తుంది. కాబట్టి హైదరాబాద్ వాల్యుయర్ రిపోర్టు డాలస్ కోర్టులో సాక్ష్యమవుతుంది. అక్కడ సబ్‌ రిజిస్ట్రార్ విలువ చూపిస్తే భర్తకు లాభం, బహిరంగ మార్కెట్ ధర చూపిస్తే భార్యకు లాభం. కొడుకు పంపిన డబ్బుతో తండ్రి పేరిట కొన్న ఫ్లాట్లయితే ఏ లెక్కలోకీ రాకుండా జారిపోతాయి. తిరుపతిలో జరిగిన పెళ్లికి అమెరికాలోని మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవని 1991లోనే సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి, అక్కడ తీర్పు వచ్చినా ఇక్కడ రెండో కేసు మొదలయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఎక్కువ జంటలు ఇంతదూరం రారు. పరస్పర అంగీకారంతో విడిపోతూ, పెద్దల సమక్షంలో ఒక అంకెకు ఒప్పుకుంటారు. అసలు ప్రమాదాలు అక్కడే ఉన్నాయి. రాజీ డిక్రీలో ఇల్లు భార్యకు అని రాసినంత మాత్రాన సరిపోదు. ఆ ఇల్లు ఆ కేసులోని విషయమై ఉంటేనే డిక్రీకి మళ్లీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటోంది. పిటిషన్ షెడ్యూల్‌లో సర్వే నంబరు, ఫ్లాట్ నంబరు, సరిహద్దులతో ఇంటిని చేర్చకపోతే, తర్వాత వేరే దస్తావేజు, స్టాంప్ డ్యూటీ తప్పకపోవచ్చు. ఆ దస్తావేజు విడాకులు మంజూరైన తర్వాతి తేదీతో ఉంటే, అప్పటికి ఆ ఇద్దరూ భార్యాభర్తలు కారు కాబట్టి, దగ్గరి బంధువుల కానుకలకు ఉండే పన్ను మినహాయింపు మీద కూడా ప్రశ్న లేస్తుంది. రుణంలో ఇద్దరి సంతకాలూ ఉంటే కోర్టు డిక్రీ బ్యాంకును కట్టిపడేయదు. ఇల్లు వదులుకున్న మనిషి పేరు సహ రుణగ్రహీతగా అలాగే ఉండిపోతుంది. మూడేళ్ల తర్వాత మాజీ భర్త ఈఎంఐలు ఆపేస్తే నోటీసు ఆమెకూ వస్తుంది, కొత్త ఇంటికి ఆమె పెట్టుకున్న రుణ దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు బ్యాంకు నుంచి ఆమె పేరు తొలగించినట్టు లేఖ తీసుకోవడం, లేదా రుణం మొత్తం తీరాకే డిక్రీ అడగడం వాల్యుయేషన్ రిపోర్టు ఎంత అవసరమో అంతే అవసరం.